చెరువులో నాటు చేపలు పోయి జిలేబీలే (తిలాపియా) పడుతున్నాయా? ముందు సీడ్ కవర్ చూడండి

చెరువులో చేప తగ్గింది అనగానే చెప్పే కారణాలు ఎప్పుడూ ఆ నాలుగే. రాత్రి ఎవరో వల వేశారు, కొంగలు తినేశాయి, పై పొలాల మందు నీళ్లు దిగాయి, సీడ్ (కవర్లలో తెచ్చి చెరువులో వదిలే చేప పిల్లలు) లెక్క తక్కువ ఇచ్చారు. ఇవన్నీ జరగవని కాదు, కానీ ఎన్ని చెరువులు చూసినా అసలు కారణం వీటిలో ఉన్నది తక్కువ. చూడాల్సింది చూడకుండా పంచాయితీ పెట్టుకుంటున్నారు, ఆ పంచాయితీ తేలేలోపు ఇంకో వానాకాలం గడిచిపోతుంది.

వల వేయడం, సీడ్ వదలడం, తూము, అలుగు ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి కాబట్టి అవి మళ్లీ చెప్పను. ఒక్కటి మాత్రం చేయండి. ఏ అనుమానం ఉన్నా ముందు సన్నకన్ను వల తీసుకుని ఒడ్డు వెంబడి, తుంగ పక్కన, తూము దగ్గర, అలుగు కింద గుంటలో లాగండి. పెద్ద కన్ను వలతో చూసి "చెరువులో ఏం లేదు" అనేవాళ్లే ఎక్కువ, పెద్ద కన్ను వలకి చిన్న చేప పడదు కదా అన్నా, చెరువు కథ అంతా ఆ చిన్న చేపల్లోనే ఉంటుంది. పడినవి టబ్బులో వేసి వేరు చేయండి: పరకలు, జెల్లలు, మట్టగిడసలు, బొమ్మిడాయిలు, కొర్రమీను పిల్లలు ఒక పక్క, మిగతావి ఇంకో పక్క. ఏ పక్క బరువుందో చూస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో మాట, బొచ్చె (కట్ల), రోహు, మోసు (మృగాల) కనిపించట్లేదంటే అది వేరే లెక్క. ఇవి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వరద పారే నదిలోనే పెడతాయి. 1957లో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి హార్మోన్ ఇంజెక్షన్‌తో వీటి చేత గుడ్లు పెట్టించాకే హ్యాచరీలు వచ్చాయి, చెరువుల్లో ఇంత సీడ్ వేయగలుగుతున్నాం. అంటే మీరు వదిలినన్నే ఉంటాయి, తగ్గితే తగ్గినట్టే. తమంతట తాము పెరగాల్సినవి కొర్రమీను, మార్పు (మీసాల చేప, మాగుర్ అంటారే అది), పరక, జెల్ల లాంటివి. అవి తగ్గాయంటే చెరువులో ఏదో మారిందని అర్థం.

సమస్య: ఏటా సీడ్ వేస్తున్నాం, వలకి మాత్రం అరచేతంత జిలేబీలే

ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. "మేము జిలేబీ ఎప్పుడూ వేయలేదు, మరి ఎక్కడి నుంచి వచ్చింది" అంటారు. పై చెరువు నుంచి కొట్టుకొచ్చింది, కాలవలోంచి వచ్చింది అని సర్దిచెప్పుకుంటారు, కొన్నిసార్లు అది నిజమే కూడా. కానీ పైన ఏ చెరువూ లేని కుంటలో, వాన నీళ్లతోనే నిండే కుంటలో కూడా జిలేబీ కనిపిస్తే ఏమంటారు? అది మీరు వేసిన సీడ్‌లోనే వచ్చింది. మీ చేత్తోనే వదిలారు.

ఎలా అంటే, సీడ్ పెంచే నర్సరీ చెరువుని స్పాన్ (గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లలు) వదిలే ముందు పూర్తిగా ఎండబెట్టాలి, లేదంటే ఇప్పచెక్క (ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిండి, చేపలకి విషం) వేసి పాత చేపలన్నిటినీ తీసేయాలి, నీళ్లు పెట్టేటప్పుడు సన్న జాలి కట్టాలి. ఇవన్నీ చేసేవాళ్లున్నారు, కానీ గిరాకీ ఒక్కసారిగా మీద పడే నెలల్లో తొందర్లో ఏదో ఒకటి వదిలేస్తారు. కాలవ నీటితో నర్సరీలోకి నాలుగు జిలేబీలు వస్తే చాలు, సీడ్ తీసే టైముకి వాటి పిల్లలు మీ బొచ్చె, రోహు పిల్లల సైజులోనే ఉంటాయి. వల లాగితే అన్నీ కలిసే వస్తాయి, కవర్లో అన్నీ కలిసే ఆక్సిజన్ పీల్చుకుంటాయి. సప్లై చేసేవాడు మోసం చేశాడనే అనక్కర్లేదు, వాడికీ తెలియకపోవచ్చు.

మన వైపు దించుకునేటప్పుడు ఏం చేస్తాం? బండి లేటుగా వస్తుంది, ఎండెక్కుతుంది, పిల్లలు చస్తాయని కంగారు, కవర్లు లెక్కపెట్టి, ఒక కవర్‌లో పిల్లలు లెక్కపెట్టి, ఫోటో దిగి, కోసి పోసేస్తాం. లెక్క చూసే ఓపిక ఉంటుంది, జాతి చూసే ఓపిక ఉండదు, అసలు గొడవంతా ఇదే.

పిల్ల సైజులో గుర్తుపట్టడం అంత కష్టమేం కాదు. తెల్ల టబ్బులో కొంచెం నీళ్లు పోసి ఒక పది కవర్ల నుంచి గుప్పెడు గుప్పెడు పిల్లల్ని అందులో వేయండి. తోక చూడండి, బొచ్చె, రోహు, మోసు తోక కత్తెరలా రెండుగా చీలి ఉంటుంది, జిలేబీ పిల్ల తోక చీలదు, అంచు తిన్నగానో గుండ్రంగానో ఉంటుంది. తర్వాత వీపు రెక్క చూడండి, జిలేబీకి తల వెనక నుంచి దాదాపు తోక దాకా ఒకటే పొడుగు రెక్క, ముందు భాగమంతా ముళ్లు, వేలితో వెనక నుంచి ముందుకి రాస్తే గుచ్చుకుంటుంది. ఆ రెక్క వెనక భాగంలో చిన్న పిల్లలకి ఒక నల్ల చుక్క ఉంటుంది, ఒంటి మీద నిలువు చారలు లీలగా కనిపిస్తాయి. ఈ మూడింట్లో తోక ఒక్కటి చూసినా పట్టేయొచ్చు. రెండు పిల్లలే కదా అని వదిలేయొద్దు, చెరువుని నింపేయడానికి ఒక జంట చాలు.

ఎందుకంటే జిలేబీ పెరిగే తీరే వేరు. రెండు మూడు నెలలకే, అరచేయంత కూడా కాకముందే గుడ్లకొస్తుంది. మగది ఒడ్డున లోతులేని చోట పళ్లెంలాంటి గుంట తవ్వుతుంది, ఆడది గుడ్లు పెట్టి నోట్లో పెట్టుకుంటుంది, పిల్లలు ఈదేదాకా నోట్లోనే కాపాడుతుంది, నీళ్లు వెచ్చగా ఉంటే నెల, నెలన్నరకి మళ్లీ రెడీ. మన కొర్రమీను గానీ పరక గానీ ఎక్కువగా తొలకరి వానల కోసం ఎదురుచూస్తాయి, అదే లోతులేని ఒడ్డున, అదే తుంగలో. ఈలోపు ఆ జాగా అంతా జిలేబీ గుంటలతో నిండిపోతుంది, పక్కవాటి గుడ్లు, పిల్లలు కూడా అది తినేస్తుంది. జనాభా పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, చివరికి మీకు మిగిలేది ఎవరూ కొనని చిన్న జిలేబీ. ఇదేం కొత్తగా బయటపడ్డ సంగతి కాదు, మొజాంబిక్ తిలాపియాని 1952లో మన దేశానికి తెచ్చారు, 1959కే దాన్ని ఇంక పెంచొద్దని ఆంక్ష పెట్టారు. అప్పటికే అది చెరువుల్లోకి పోయింది.

ఏం చేయాలి

ఇంకా రాకపోతే, రానివ్వకండి. టబ్బు చెక్ లేకుండా ఒక్క కవర్ కూడా కోయొద్దు, జిలేబీ తగిలితే ఆ లోడు మొత్తం వెనక్కి పంపండి, ఏరుకుని వదులుదాం అనే ఆలోచన పెట్టుకోవద్దు. అనుమానం ఉండి వెనక్కి పంపలేని పరిస్థితైతే చెరువులోనే సన్న జాలితో హాపా (నీళ్లలో కట్టే వల పెట్టె) కట్టి పిల్లల్ని కొన్ని వారాలు అందులో ఉంచండి, పెరిగాక తోకలు బాగా కనిపిస్తాయి. జాలి దోమతెర అంత సన్నగా ఉండాలి, లేదంటే తప్పించుకునేవి ముందు అవే. కవర్ నీళ్లు చెరువులో పోయకండి, కవర్‌ని కాసేపు నీళ్ల మీద తేలనిచ్చి వేడి సమానం అయ్యాక పిల్లల్ని చిన్న వలతో ఎత్తి వదిలి, ఆ నీళ్లు దూరంగా గట్టు మీద పారబోయండి. సీడ్ సైజు 35-40 మి.మీ. బదులు 80-100 మి.మీ. దొరికితే అదే అడగండి, చూసి పట్టడం తేలిక, బతికేవీ ఎక్కువ.

ఇప్పటికే నిండిపోయి ఉంటే పూర్తిగా పోగొడతామని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, పెద్ద చెరువులో అది అయ్యే పని కాదు. తగ్గించొచ్చు. ఎండాకాలం నీళ్లు అడుగంటినప్పుడే దానికి టైము. అందరూ చెరువు మధ్యలో పట్టుకుని అయిపోయింది అనుకుంటారు, తూము ముందు గుంట, పూడిక తీసిన గుంతలు, అలుగు కింద మడుగు వదిలేస్తారు. జిలేబీ తక్కువ ఆక్సిజన్‌లో, వేడి నీళ్లలో, బురదలో కూడా బతుకుతుంది, ఆ గుంతల్లో మిగిలిన పాతిక ముప్పై చేపలే వానలు పడ్డాక మళ్లీ చెరువంతా అవుతాయి. కాబట్టి గుంతల్లో మోటార్ పెట్టి తోడి ఖాళీ చేయాలి, అక్కడ దొరికిన కొర్రమీనులు, మార్పులు, జెల్లలు మాత్రం టబ్బుల్లో ఎత్తి కాపాడుకోవాలి, నీళ్లు వచ్చాక వదలాలి. గొలుసుకట్టు చెరువైతే పై ఊరి మత్స్యకారుల సొసైటీతో మాట్లాడి ఇద్దరూ ఒకే ఎండాకాలం చేయకపోతే దండగ. వాగు మీద జాలి కట్టే సలహా అందరూ ఇస్తారు, మొదటి వరదకి చెత్త అడ్డుపడి జాలి కొట్టుకుపోతుంది, చిన్న కాలవలకైతే పర్వాలేదు.

తర్వాత కొర్రమీనుని, వీలైతే వాలుగని వాడుకోండి. రెండూ జిలేబీ పిల్లల్ని బాగా తింటాయి. కాకపోతే వరస తప్పొద్దు, బొచ్చె, రోహు పిల్లలు పెద్ద సైజులో వేసి అవి కాస్త పెరిగాకే కొర్రమీను పిల్లల్ని వదలండి, లేదంటే అది ముందు మీ సీడ్‌నే మింగుతుంది. కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపుగా నీళ్ల మీద ఆడుతుంటే, కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, అప్పుడు దాన్ని గాలం వేసి పట్టేవాడిని ఆపండి, ఒక్క పెద్ద చేప కోసం గుంపంతా పోతుంది. తొలకరికి అలుగు దగ్గర ఎదురెక్కే చేపల్ని బుట్టలు పెట్టి పట్టడం కూడా ఇంతే, కడుపు నిండా గుడ్లున్న చేపలవి.

ఇప్పచెక్క పోసేద్దాం అంటారు కొందరు. నర్సరీకి అది సరే, అక్కడ లీటరుకి 250 మిల్లీగ్రాముల లెక్కన, అంటే హెక్టారులో మీటరు లోతు నీళ్లుంటే 2,500 కిలోలు వేస్తారు. ఊరి చెరువులో వేస్తే జిలేబీతో పాటు మిగిలిన నాటు చేప కూడా పోతుంది, మీరు కాపాడాలనుకున్నదే అది కదా.

సమస్య: నీళ్లు ఎప్పుడూ బురదగా, తుంగ, నాచు మాయం

వాన లేకపోయినా నీళ్లు తేటపడట్లేదంటే బంగారుతీగ (కామన్ కార్ప్) ఎక్కువై ఉండొచ్చు. అడుగు బురద కెలికి తింటుంది, నాచు వేళ్లతో సహా లేచిపోతుంది. గడ్డిచేప వేస్తే తుంగ, నాచు నేరుగా తినేస్తుంది. చెరువు శుభ్రంగా ఉందని సంతోషపడతారు గానీ కొర్రమీను గూడు కట్టేది ఆ గడ్డిలోనే. బంగారుతీగ నిలవ నీటిలో కూడా గుడ్లు పెడుతుంది, బొచ్చె లాంటిది కాదు. సీడ్ వాటా తగ్గించండి, పెద్దవి పట్టేయండి, ఒడ్డున ఒక పక్క తుంగ ముట్టుకోకుండా వదిలేయండి.

సమస్య: మార్పులు విపరీతంగా పెద్దవి పడుతున్నాయి

కిలోలకి కిలోలు తూగితే అది మన మార్పు కాదు, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. మనది చిన్న చేప. దీన్ని పెంచడం 2000లోనే నిషేధించారు, అయినా దొంగగా పెంచుతున్నారు, గుంటలు పొంగినప్పుడు చెరువుల్లోకి వస్తుంది. దొరికింది దొరికినట్టు చంపేయండి, నీళ్లలోకి మళ్లీ వదలొద్దు, ఒడ్డున పడేసినా తడి నేల మీద పాక్కుంటూ పోతుంది. చుట్టుపక్కల ఎవరు పెంచుతున్నారో కనుక్కుని మత్స్యశాఖకి చెప్పండి, లేదంటే మీరు పడుతూనే ఉంటారు.

సమస్య: వల చిరుగుతోంది, కట్టలో బొరియలు

దెయ్యం చేప. ఆక్వేరియంలో అద్దం నాకే చేప పెద్దదై ఎవరో చెరువులో వదిలారు. ఒంటి మీద గట్టి పెంకు, ముళ్లు, కట్ట వాలులో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. వలలోంచి విడిపించి మళ్లీ నీళ్లలో వేయకండి. నీళ్లు తగ్గినప్పుడు బొరియలు వెతికి మూయండి. మీ చెరువులో ఉందో లేదో నీటిలోని డీఎన్ఏని బట్టి కనుక్కునే పద్ధతి హైదరాబాద్ సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్లు తయారుచేశారు, అంతదాకా పోనక్కర్లేదు, చిరిగిన వలే చెప్తుంది.

మిగతావి

తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ తక్కువ, పరాయి చేపల గొడవ కాదు. చలికాలం కొర్రమీను మీద ఎర్ర పుండ్లు పడితే అది 1988 నుంచి మన దేశంలో ఉన్న పుండ్ల జబ్బు, సున్నం విషయం మత్స్యశాఖ వాళ్లని అడగండి. దోమల కోసం గంబూసియా (దోమ పిల్లల్ని తినే చిన్న విదేశీ చేప) వదిలిన కుంటలో పరకలు, కప్ప పిల్లలు తగ్గితే ఆశ్చర్యం లేదు, 1928 నుంచి మన దేశంలో వదులుతూనే ఉన్నారు, నాటు చేపలున్న చోట మాత్రం ఒప్పుకోకండి, దోమ పిల్లల్ని ఆ నాటు చేపలే తింటాయి. కొంగలు, నీటికాకులు, నీటికుక్కలు తిని చెరువు ఖాళీ అయిందనే మాటని నేనైతే పట్టించుకోను. దొంగ వల అనుమానమైతే సన్నకన్ను వలలో చూడండి, దొంగ పెద్ద చేపనే పట్టుకుపోతాడు, పరకలు, జెల్లలు ఎక్కడివక్కడే ఉంటాయి.