కూలిన విమానం, చెరలో వైమానికుడు: ప్రిజనర్ ఆఫ్ వార్ మెడల్ అడగడం ఎలా?

యుద్ధఖైదీలుగా చెరలో ఉన్న సైనికులకిచ్చే ఈ పతకాన్ని అమెరికా 1985లో పెట్టినా 1917 ఏప్రిల్ 5 తర్వాత శత్రువుకు చిక్కినవాళ్లందరికీ వర్తించేలా పెట్టింది. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద విమానం కూలి, పట్టుబడ్డ వైమానికుల్ని జర్మన్లు బంధించిన స్టాలాగ్ లుఫ్ట్ శిబిరాల్లో మగ్గి, పతకం అందుకోకుండానే కన్నుమూసిన వైమానికుడి తరఫున కుటుంబం ఇప్పుడైనా అడగవచ్చు.

ఫారం పేరు ఎస్‌ఎఫ్-180. సెయింట్ లూయిస్‌లో మాజీ సైనికుల సర్వీసు ఫైళ్లు ఉండే నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్‌కు పంపాలి. దానితోపాటు మరణ ధ్రువపత్రం నకలో, పేపర్లో పడ్డ మరణవార్తో జతచేయాలి. సంతకం దగ్గర చాలామంది బోల్తా పడతారు. వైమానిక దళం లెక్కలో (ఆనాటి ఆర్మీ ఎయిర్ ఫోర్సెస్ కూడా ఇందులోకే వస్తుంది) అడిగే హక్కు మళ్లీ పెళ్లి చేసుకోని భార్యకు లేదా భర్తకు, పిల్లలకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకే ఉంది. మనవలు ఆ జాబితాలో లేరు. కాగితాలన్నీ మనవడే సేకరించినా సంతకం అమ్మో మేనమామో పెట్టాల్సిందే.

అసలు చిక్కు రుజువుల దగ్గర వస్తుంది. 1973 జూలై 12న ఆ కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో, 1912 నుంచి 1960 మధ్య ఆర్మీ నుంచి విడుదలైనవారి ఫైళ్లలో దాదాపు 80 శాతం పోయాయి. యుద్ధకాలపు వైమానికులు ఆర్మీ కిందే ఉండేవారు కాబట్టి వాళ్లవీ అందులోనే కాలాయి. ‘ఫైలు దొరకలేదు’ అనే జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూసే బదులు రుజువులు ముందే జతచేయడం మేలు.

మొదట మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్ట్ వెతకండి. 1943 నుంచి, తిరిగిరాని విమానాలకు ఇది రాసేవారు. సిబ్బంది పేర్లు, సర్వీసు సంఖ్యలు, విమానం సంఖ్య, ఇంజన్ల నంబర్లు, చివరికి మెషిన్‌గన్ల నంబర్లు కూడా అందులో ఉంటాయి. పక్క విమానాల్లోంచి చూసినవాళ్ల వాంగ్మూలాలూ ఉంటాయి. అయితే మనిషి గల్లంతయ్యాడని ఇది చెబుతుంది గానీ, చెరలో ఉన్నాడని దీనొక్కదానితో తేలకపోవచ్చు. దానికి నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లోని యుద్ధఖైదీల డేటాబేస్ చూడాలి. పేర్లలో అక్షరదోషాలు మామూలే, కాబట్టి సర్వీసు సంఖ్యతో వెతకండి. అధికారుల సంఖ్య ముందుండే ‘ఓ’ అక్షరం సున్నాగా పడి ఉండవచ్చు, రెండు రకాలుగానూ ప్రయత్నించండి. డిశ్చార్జ్ కాగితం (సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చేది) ఇంట్లో లేకపోతే ఆయన ఊరి కౌంటీ కార్యాలయంలో అడగండి. చాలామంది సైనికులు తిరిగొచ్చాక ఆ కాగితాన్ని అక్కడ నమోదు చేయించుకున్నారు.

విమానం కూలినా శత్రువుకు దొరక్కుండా, స్థానికుల సాయంతో తప్పించుకుని వచ్చినవాళ్లకు ఈ పతకం రాదు. తటస్థ దేశమైన స్విట్జర్లాండ్‌లో నిర్బంధంలో ఉన్నవాళ్లకూ చాలాకాలం ఇవ్వలేదు. చట్టం మారాక, అక్కడి వావిలర్మూస్ శిక్షా శిబిరంలో నరకం చూసిన వైమానికులకు 2014లో ఇచ్చారు.

శత్రువు చేతిలో గాయపడ్డవారికిచ్చే పర్పుల్ హార్ట్ పతకం సంగతి వేరు. ఖైదీ అయినంత మాత్రాన అది రాదు, గాయానికి రుజువు చూపాలి.