యూరప్ లాబ్‌స్టర్ లెక్కలు చూసి బోల్తా పడకూడదంటే

యూరప్‌లో ఏ దేశం సముద్రంలో ఎంత లాబ్‌స్టర్ పడుతోంది, అది పెరుగుతోందా తగ్గుతోందా అని గ్రాఫు గీయబోతున్నారా? దేశాల సంగతి తర్వాత, ముందు ఏ జీవి లెక్క కావాలో తేల్చుకోండి.

లాబ్‌స్టర్ అన్న ఒక్క మాట కింద పటకారు లాంటి పెద్ద ముందుకాళ్లతో నీలంగా ఉండే యూరోపియన్ లాబ్‌స్టర్ ఉంటుంది, ముళ్ల పెంకు స్పైనీ లాబ్‌స్టర్ ఉంటుంది (మన విశాఖ వైపు దొరికేవి దీని చుట్టాలే), నార్వే లాబ్‌స్టర్ కూడా ఉంటుంది. అసలు తంటా ఈ మూడోదానితోనే. సన్నగా, నారింజ రంగులో, రొయ్యకి అన్నలా ఉంటుంది, దాన్ని ట్రాల్ వలలతో (పడవ వెనక ఈడ్చుకెళ్లే పెద్ద వలలు) వేల టన్నులు పడతారు, పైగా పేరుకే నార్వే, ఎక్కువ పట్టేది బ్రిటన్, అందులోనూ స్కాట్లండ్. నేను మొదటిసారి అన్నీ కలిపేసి గీశాను, బోనులతో పట్టే నీలం లాబ్‌స్టర్ గీత అడుగున ఎక్కడో కలిసిపోయి కనబడనే లేదు. ఎఫ్ఏవో (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) పట్టికల్లో ఎల్‌బీఈ అంటే యూరోపియన్ లాబ్‌స్టర్, ఎన్ఈపీ అంటే నార్వే లాబ్‌స్టర్, ఈ కోడ్‌లు పట్టుకుని విడదీయండి.

తర్వాత యూరోపియన్ యూనియన్ మొత్తం. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి వెళ్లింది కదా, మీరు తీసుకున్న మొత్తంలో బ్రిటన్ ఉందో లేదో చూసుకోకపోతే లాబ్‌స్టర్లు ఒక్కసారిగా మాయమైనట్టు కనిపిస్తుంది. బ్రిటన్ గీతలోనే ఇంకో మెలిక ఉంది: 2005లో చేపలు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు రిజిస్టర్ చేసుకోవాలన్న రూలు వచ్చాక చిన్న పడవల పట్టు కూడా లెక్కల్లోకి ఎక్కింది. ఆ టైములో కనిపించే పెరుగుదలంతా సముద్రంలోంచే వచ్చిందనుకోకండి.

నార్వే దేశం పట్టే నీలం యూరోపియన్ లాబ్‌స్టర్‌ది మాత్రం నిజమైన పతనం. 1960ల దాకా ఏటా వందల టన్నులు, ఆ తర్వాత పదుల్లోకి. 2008 నుంచి గుడ్లున్న ఆడవాటిని పట్టకూడదు, కాబట్టి ఆ తర్వాతి అంకెల్లో రూలు ప్రభావం ఎంతో, సముద్రం పరిస్థితి ఎంతో విడదీయడం కష్టం. పైగా అక్కడ సీజన్ మొదలవగానే సరదాకి బోనులు వేసేవాళ్లు బోలెడు మంది, వాళ్లు ఇంటికి తీసుకెళ్లి తినేది అమ్మకాల లెక్కలోకి రానే రాదు.

చివరగా, 2020ని ఒంటరిగా చూసి టెన్షన్ పడకండి, ఆ ఏడాది కోవిడ్‌తో రెస్టారెంట్లు మూసేస్తే కొనేవాళ్లే లేరు. మూడేళ్ల సగటు తీసి గీయండి.