కుక్కతో కొండల్లో రెండు మూడు రోజుల ట్రెక్: ఎలా సిద్ధం కావాలి, దారిలో ఏం చూసుకోవాలి?

కుక్క ఎప్పుడూ "ఇక నా వల్ల కాదు" అనదు. మనం ముందు నడుస్తుంటే చాలు, కాలు నొప్పెట్టినా, నాలుక పిడచకట్టుకుపోయినా వెంట వస్తూనే ఉంటుంది. మా చుక్కి 18 కిలోల ఆడకుక్క. దాన్ని తీసుకుని మొదటిసారి కొండల్లో రెండు రాత్రులు గడిపి దిగుతున్న రోజున కూడా తోక ఊపుతూనే నడిచింది. ఒకచోట బండ మీద కూర్చుని వెనక్కి చూస్తే, మేం వచ్చిన రాళ్ల మీద వరసగా చిన్న చిన్న ఎర్రటి మరకలు కనిపించాయి. అరిపాదం పైపొర లేచిపోయింది. ఎంతసేపటి నుంచి అలా నడుస్తోందో నేను చూసుకోలేదు. మిగిలిన దారంతా దాన్ని భుజాల మీద వేసుకుని దిగాను.

కాబట్టి ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో దాని బదులు మీరే నిర్ణయించాలి. ఆ బాధ్యతకు ఇంటి దగ్గరి నుంచే ఎలా సిద్ధం కావాలో చెబుతాను.

1. ముందు డాక్టర్‌కు చూపించండి

ఎముకలు ఎదిగే వయసులో కుక్కతో దూరాలు నడిపించకూడదు, బరువు మోయించకూడదు. ఆ ఎదుగుదల చిన్న జాతుల్లో ఏడాదికి అటూ ఇటూగా పూర్తవుతుంది, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర దాకా పట్టవచ్చు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరి తీసుకోవడమే కష్టం, వాటిని కొండలకు తీసుకెళ్లకపోవడమే మేలు. రేబిస్ టీకా గడువు చూసుకోండి. లెప్టోస్పైరోసిస్ టీకా గురించీ అడగండి, ఎందుకంటే అది జంతువుల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే జబ్బు. పిడుదుల మందు బయలుదేరక ముందే వేయించాలి.

2. కుక్కను రానిస్తారో లేదో కనుక్కోండి

చాలా నేషనల్ పార్కుల్లో, అభయారణ్యాల్లో కుక్కలకు ప్రవేశం ఉండదు. దానికి కారణమూ ఉంది. కుక్క వాసనకే అడవి జంతువులు బెదురుతాయి, డిస్టెంపర్ లాంటి కుక్కల జబ్బులు వాటికి అంటుకుంటాయి. వద్దన్నచోటికి తీసుకెళ్లకండి.

3. రెండు నెలల ముందు నుంచి అలవాటు చేయండి

ఇంట్లో నున్నటి గచ్చు మీద తిరిగే కుక్క పాదాలు మెత్తగా ఉంటాయి. రాళ్లు, గరుకు నేల ఉన్న దారిలో కొద్ది కొద్దిగా దూరం పెంచుతూ నడిపిస్తేనే అవి గట్టిపడతాయి. కుక్క వీపుకు కట్టే సంచీని మొదటి వారం ఖాళీగానే కట్టండి. తర్వాత దాని ఒంటి బరువులో పదో వంతుతో మొదలుపెట్టండి. ఎంత అలవాటైన కుక్కకైనా నాలుగో వంతు దాటకూడదంటారు. నా మటుకు నేను పదో వంతు దగ్గరే ఆపేస్తాను. రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి, లేకపోతే సంచీ ఒక పక్కకు జారి చంకల కింద ఒరుసుకుపోతుంది.

టెంట్‌ను కూడా ఇంటి దగ్గరే వేసి ఒకటి రెండు రాత్రులు అందులో పడుకోండి. కొత్తచోట చీకట్లో మొదటిసారి జిప్పు శబ్దం వింటే కుక్క హడలిపోతుంది. పాదాలకు తొడిగే బూట్లతోనూ ముందే నడిపించాలి. మొదట్లో కాళ్లు విదిలించుకుంటుంది, నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది.

4. సామాన్లు సర్దండి

మెడ బెల్టు ఒక్కటే సరిపోదు. ఒంటికి కట్టే హార్నెస్ కావాలి, దాని వీపు మీద పట్టుకుని ఎత్తడానికి పిడి ఉండాలి. దాదాపు రెండు మీటర్ల తాడు, మడతపెట్టే గిన్నె, బూట్లు నాలుగూ ఇంకో రెండు అదనంగానూ, పరుచుకోవడానికి ఫోమ్ ముక్క, గాజుగుడ్డ, అతుక్కునే బ్యాండేజీ, పిడుదులు తీసే పట్టకారు కూడా పెట్టుకోండి. మామూలుగా తినే తిండే ఎక్కువ మోతాదులో తీసుకెళ్లండి, అక్కడ కొత్త తిండి పెడితే కడుపు పాడవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, అది నడవలేకపోతే ఎలా మోసుకొస్తారు? చాలామంది ఈ ప్రశ్నే వేసుకోరు. కుక్కను వీపున మోయడానికి వాడే జోలె ఉంటుంది, అది కొనుక్కుని ఇంట్లోనే అందులో కుక్కను పెట్టుకుని అరగంట నడిచి చూడండి. మోయలేనంత పెద్ద కుక్కయితే ఇంకొక మనిషి తోడు లేకుండా వెళ్లకండి.

5. దారిలో గంటకోసారి ఆగండి

ఆగినప్పుడల్లా నాలుగు పాదాలూ ఎత్తి చూడాలి. బొటనవేలితో అరిపాదం మెత్తల మధ్య విడదీసి చూడండి. గడ్డి ముళ్లు, రాతి పలుకులు అక్కడే దాక్కుంటాయి. మెత్త మామూలుగా గరుకుగా, ఒకే రంగులో ఉంటుంది. నునుపుగా మెరుస్తున్నా, గులాబీ రంగు తేలినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా అరుగుదల మొదలైనట్టే. అప్పుడే బూట్లు తొడగాలి, రక్తం వచ్చేదాకా ఆగకూడదు. మంచులో నడిస్తే వేళ్ల మధ్య వెంట్రుకలకు మంచు ఉండలు కడుతుంది, వాటిని తీసేస్తూ ఉండండి.

విశ్రాంతిగా ఉన్న రోజే కుక్కకు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. నడిచే రోజు దానికి రెట్టింపో అంతకు మించో పడుతుంది. వాగు నీళ్లను మీకోసం వడగట్టుకున్నట్టే దానికీ వడగట్టండి, వాటిలోని జియార్డియా అనే సూక్ష్మ పరాన్నజీవి దానికీ విరేచనాలు తెస్తుంది. పచ్చటి నాచు తెట్టె కట్టిన నిలవ నీళ్లలో మూతి కూడా పెట్టనివ్వకండి. అందులో ఉండే విషం కొన్ని గంటల్లోనే ప్రాణం తీయగలదు.

తాడును నడుముకు కట్టుకునే అలవాటుంటే, ఏటవాలు దిగేటప్పుడు విప్పేసి చేత్తో పట్టుకోండి. కుక్క ఒక్కసారి లాగితే ఇద్దరూ పడతారు. వాగు దాటేముందు దాని సంచీ విప్పేయండి, తడిస్తే ఆ బరువుకు మునిగిపోతుంది. పశువుల మందలు కనబడితే వాటికి కాపలా ఉన్న కుక్కలు రాకముందే దూరంగా చుట్టు తిరిగి వెళ్లండి.

6. వడదెబ్బను గుర్తుపట్టండి

కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే చల్లబడాలి. 41 డిగ్రీలకు చేరిందంటే ప్రాణాపాయమే. ఆగినా రొప్పు తగ్గకపోవడం, చిక్కటి చొంగ కారడం, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరగడం, అడుగులు తడబడటం వడదెబ్బ లక్షణాలు. వెంటనే నీడకు చేర్చి ఒంటి మీద, పొట్ట మీద, గజ్జల్లో చల్లటి నీళ్లు పోస్తూ గాలి తగిలేలా విసరండి. తడిగుడ్డ కప్పి వదిలేయకండి, కింద వేడి ఉడికిపోతుంది. చల్లబరిచాకే మోసుకుని దిగడం మొదలుపెట్టండి.

నొప్పి తగ్గుతుందని మన పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలు వేయకూడదు, అవి కుక్కకు విషం. మీ సంచీలోని కిస్మిస్‌లు, చాక్లెట్ కూడా దానికి అందనివ్వకండి.

7. రాత్రి బసలో

టెంట్ వేయగానే తిండి పెట్టకండి. ఓ గంట పడుకోనిచ్చి, రొప్పు పూర్తిగా తగ్గాక పెట్టండి. ఈలోగా చెవుల లోపల, చంకల్లో, తోక కింద, వేళ్ల మధ్య పిడుదులు వెతకండి. కనబడితే పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని నిటారుగా లాగండి. మలాన్ని నీటికి 60 మీటర్ల దూరంలో జానెడు లోతున పాతిపెట్టండి, మంచు, రాతి నేలల్లో అయితే సంచీలో కట్టి వెనక్కి తెచ్చేయండి.

చీకటి పడ్డాక బయట కట్టేయవద్దు. చిరుతపులులు తిరిగే కొండల్లో కుక్క వాటికి సులువైన వేట. టెంట్‌లో మీ పక్కనే పడుకోబెట్టుకోండి. చెవుల చివర్లు చల్లగా ఉండి వణుకుతుంటే మీ జాకెట్ కప్పండి.

2,500 మీటర్లు దాటిన ఎత్తులో కుక్కకూ గాలి చాలకపోవచ్చు. రోజుకు 300 నుంచి 500 మీటర్లకు మించకుండా బస ఎత్తు పెంచుకుంటూ వెళ్లండి. తిండి మానేసి, వాంతి చేసుకుని, లేవడానికి ఇష్టపడకపోతే తెల్లవారగానే దిగిపోండి. ఆ ఉదయం శిఖరం అరగంట దూరంలో ఉన్నా సరే దిగాల్సిందే.

8. ఇంటికొచ్చాక

మరో రెండు రోజులు దాన్ని గమనించండి. మర్నాడు కాళ్లు బిగుసుకుపోయి మెల్లగా లేవడం మామూలే. మూడో రోజుకూ కుంటుతుంటే డాక్టర్‌కు చూపించండి. వారం పది రోజుల్లో విరేచనాలు మొదలైనా, జ్వరం వచ్చినా, అది వాగు నీళ్లు తాగిందని, పిడుదులు పట్టాయని డాక్టర్‌కు మీరే ముందుగా చెప్పండి. ఏ పరీక్ష చేయాలో ఆ మాటతోనే తేలుతుంది.