ఐపీ పాఠాలు – 4: అన్‌ఎంప్లాయ్‌మెంట్ డబ్బు ఆదాయమా, కాదా?

పోయిన పాఠంలో పే స్లిప్పులన్నీ ఒక కవర్లో వేసి, నెలల వారీగా మొత్తాలు రాసుకోమన్నాను. రాసుకోనివాళ్ళు ముందు ఆ పని చేసి రండి, ఈ రోజు లెక్క అంతా దాని మీదే నడుస్తుంది.

మన ఊళ్ళో ఫలానావాడు ఐపీ పెట్టాడు అంటే పరువు మొత్తం పోయిందనే అర్థం. అమెరికాలో అదే దివాలా పనిని చాప్టర్ 7 (అప్పులు కొట్టేయించుకోవడం), చాప్టర్ 13 (కొన్నేళ్ళ పాటు నెలనెలా కొంత కట్టడం) అని నంబర్లతో పిలుస్తారు, ఫారాలు నింపే పని తప్ప ఊరంతా తిరిగి తల దించుకునే పని కాదు. కానీ ఆ ఫారాల్లో ఒక్క గడి దగ్గర చాలామంది ఆగిపోతారు. లేఆఫ్ అయ్యాక వారం వారం రాష్ట్రం ఇచ్చిన అన్‌ఎంప్లాయ్‌మెంట్ డబ్బు ఎక్కడ రాయాలి, అసలు రాయాలా వద్దా అని. (హెచ్‌-1బి మీద ఉన్నవాళ్ళకు చాలావరకు ఈ డబ్బే రాదు, ఎందుకంటే ఎక్కడ పని దొరికితే అక్కడ వెంటనే చేరగలిగి ఉండాలని రాష్ట్రాలు షరతు పెడతాయి. ఇది ఎక్కువగా గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళ గొడవ.)

సూటిగా చెప్పేస్తాను. ఆదాయమే. రాయాలి. దాచడం అనే మాటే వద్దు, ఎందుకంటే ఆ కాగితాల మీద మీరు ప్రమాణం చేసి సంతకం పెడుతున్నారు. అయితే ఒకే డబ్బును మూడు చోట్ల మూడు రకాలుగా అడుగుతారు, తికమక అంతా అక్కడే.

మొదటి చోటు మీన్స్ టెస్ట్, అంటే చాప్టర్ 7 వేసేంత తక్కువ ఆదాయం మీకుందా అని చూసే లెక్క. 2005లో వచ్చిన చట్టం దీన్ని తెచ్చింది. మీ అప్పుల్లో ఎక్కువ భాగం క్రెడిట్ కార్డులు, ఇంటి ఖర్చుల లాంటివైతే ఇది మీకు వర్తిస్తుంది, వ్యాపారం అప్పులే ఎక్కువైతే వర్తించదు. ఫారం 122ఏ-1 తీయండి, 8వ లైను చూడండి. అన్‌ఎంప్లాయ్‌మెంట్ కాంపెన్సేషన్ అని దానికి ప్రత్యేకంగా ఒక లైనే ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది: ఇది సోషల్ సెక్యూరిటీ చట్టం కింద వచ్చిన లబ్ధి అని మీరు వాదించదలుచుకుంటే అంకె ఇక్కడ కాదు, పక్కన రాయండి అని. ప్రభుత్వం అచ్చేసిన ఫారంలోనే "మీరు వాదించుకోవచ్చు" అని ఉండటం నాకైతే వింతగా అనిపించింది.

ఎందుకలా? సోషల్ సెక్యూరిటీ చట్టం కింద వచ్చిన డబ్బు ఈ లెక్కలోకి రాదని దివాలా చట్టమే చెబుతోంది. అన్‌ఎంప్లాయ్‌మెంట్ పద్ధతికి పునాది పడింది కూడా 1935 నాటి ఆ సోషల్ సెక్యూరిటీ చట్టంతోనే, రాష్ట్రాలకు దాన్ని నడుపుకోవడానికి కేంద్రం గ్రాంటు ఇచ్చేదీ ఆ చట్టం కిందే. కాబట్టి ఇదీ ఆ లబ్ధే అని 2007లో ఒహాయో దక్షిణ జిల్లాలోనూ, మసాచుసెట్స్‌లోనూ దివాలా కోర్టులు ఒప్పుకున్నాయి. మరుసటి ఏడు పెన్సిల్వేనియాలో, 2009లో ఇల్లినాయ్‌లో కోర్టులు అడ్డం తిరిగాయి. కేంద్రం ఇచ్చేది ఆఫీసు నడపడానికి, మీ చేతికొచ్చే చెక్కు మాత్రం రాష్ట్ర చట్టం ప్రకారం, యజమానుల దగ్గర వసూలు చేసిన పన్నులోంచి వచ్చింది కదా అన్నాయి. నాకు ఈ రెండో వాదనే గట్టిగా కనిపిస్తుంది. అదే దివాలా చట్టంలో ఏ ఆస్తి అప్పిచ్చినవాళ్ళకు దక్కదో చెప్పే చోట సోషల్ సెక్యూరిటీ, అన్‌ఎంప్లాయ్‌మెంట్ రెండింటినీ పక్కపక్కన విడివిడిగా రాశారు, రెండూ ఒకటే అయితే రెండుసార్లు రాయడం దేనికి?

ఇంకో హెచ్చరిక. కోవిడ్ కాలంలో రాసిన సలహాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 2020లో కోవిడ్ పేరుతో కేంద్రం ఇచ్చిన డబ్బును లెక్కలోంచి తీసేసిన మాట నిజమే, కానీ ఆ వెసులుబాటు 2022 మార్చితో ముగిసింది.

ఇప్పుడు పెన్ను తీయండి. మీన్స్ టెస్ట్ చూసేది ఈ రోజు మీ పరిస్థితిని కాదు, గడిచిన ఆరు నెలలని. పిటిషన్ వేసే నెలను వదిలేసి, దానికి ముందు పూర్తి ఆరు నెలలు. అక్టోబరులో ఏ తేదీన వేసినా ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా అన్నమాట.

కాలిఫోర్నియాలో ఒకాయన అనుకుందాం. నెలకు గ్రాస్ జీతం (కోతలకు ముందు) 9,000 డాలర్లు, జూన్ చివర్లో ఉద్యోగం పోయింది, జూలైలో సెవరెన్స్ (తీసేసినందుకు కంపెనీ ఇచ్చే డబ్బు) 6,000 వచ్చింది. తరువాత వారానికి అన్‌ఎంప్లాయ్‌మెంట్ 450, అది అక్కడి గరిష్ఠం. సెప్టెంబరు చివరికి 11 వారాల డబ్బు చేతికొచ్చింది, అంటే 4,950. జీతం మూడు నెలలకు 27,000. అన్నీ కలిపితే 37,950, ఆరుతో భాగిస్తే నెలకు 6,325, పన్నెండుతో గుణిస్తే ఏడాదికి 75,900. ఈ అంకెను మీ రాష్ట్రంలో మీ ఇంటి మనుషుల సంఖ్యకు ఉన్న మీడియన్ (సరిగ్గా మధ్యలో ఉండే) ఆదాయంతో పోలుస్తారు. తక్కువైతే మీన్స్ టెస్ట్ అక్కడితో ఆగిపోతుంది, ఎక్కువైతే 122ఏ-2 అనే పొడుగాటి ఫారం నింపాలి.

8వ లైను మీద కోర్టులో పోరాడి గెలిచారే అనుకోండి. 4,950 పోతుంది, ఏడాది అంకె 66,000కి దిగుతుంది. బాగానే ఉంది. కానీ అదే మనిషి ఏ వాదనా లేకుండా జనవరిలో వేస్తే? జూలై నుంచి డిసెంబరు దాకా చూస్తారు. సెవరెన్స్ 6,000, 23 వారాల అన్‌ఎంప్లాయ్‌మెంట్ 10,350, మొత్తం 16,350. నెలకు 2,725, ఏడాదికి 32,700! అన్‌ఎంప్లాయ్‌మెంట్ మొత్తం కలుపుకున్నా సగానికి పైగా పడిపోయింది. పాత జీతం నెలలు జారిపోవడమే కారణం. అందుకే వాదన గురించి లాయరు దగ్గర గంటలు గంటలు కూర్చునే ముందు క్యాలెండర్ ముందు పది నిమిషాలు కూర్చోండి అంటాను. ఇల్లు వేలానికి వస్తున్నా, జీతం మీద గార్నిష్‌మెంట్ (అప్పు కింద నేరుగా కోత) పడుతున్నా ఆగే తీరిక ఉండదు, అది వేరే సంగతి, అప్పుడు లాయరుతోనే మాట్లాడాలి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి 405 చొప్పున రాసుకున్నాను. ముందే పది శాతం ఫెడరల్ టాక్స్ పట్టుకోమని నేనే టిక్కు పెట్టిన సంగతి మరిచిపోయాను, అసలు అంకె 450. 341 మీటింగులో (పిటిషన్ వేశాక మనల్ని ప్రమాణం మీద ప్రశ్నలడిగే సమావేశం) ట్రస్టీ, అంటే కేసు చూసే అధికారి, అడిగేదాకా తెలియలేదు, ఆ ఐదు నిమిషాలు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి బ్యాంకు కాగితం నమ్ముకోకండి, రాష్ట్రం పంపే 1099-జి (ఏడాదిలో ఇచ్చిన మొత్తం చూపే పన్ను కాగితం), పేమెంట్ల చరిత్ర తీసుకుని పన్ను పట్టక ముందు అంకె రాయండి.

రెండో చోటు షెడ్యూల్ ఐ అనే ఆదాయం ఫారం, 8డి గడి. ఇది వెనక్కి కాదు, ఇప్పుడు నెలకు ఎంత వస్తోందో అడుగుతుంది. వారం అంకెను నాలుగుతో గుణించేస్తారు చాలామంది. తప్పు. 52తో గుణించి 12తో భాగించాలి, 450కి 1,800 కాదు 1,950 వస్తుంది. ఇక్కడ సోషల్ సెక్యూరిటీ వాదనలేవీ పనికిరావు, వచ్చేది వచ్చినట్టు రాయాల్సిందే. డబ్బు రెండు నెలల్లో ఆగిపోతుందని తెలిస్తే అదీ రాయండి, రాబోయే మార్పుల గురించి చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది. చాప్టర్ 13 వాళ్ళకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఖాయంగా తెలిసిన మార్పులను నెలవారీ చెల్లింపు లెక్కలో చూడొచ్చని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది.

మూడో చోటు మీ ఆర్థిక చరిత్ర అడిగే ఫారం 107, 5వ ప్రశ్న. ఈ ఏడాది, దాని ముందు రెండేళ్ళలో వచ్చిన అన్‌ఎంప్లాయ్‌మెంట్ మొత్తాలు. దీనికి పెద్ద ఆలోచన అక్కర్లేదు, 1099-జిలు ఎదురుగా పెట్టుకుని దించేయడమే.

అన్నట్టు, హైదరాబాదులో ఫ్లాటు అద్దె వస్తోందా? 122ఏ-1లో 6వ లైను. గుంటూరు నుంచి నాన్నగారు నెలనెలా ఇంటి ఖర్చుకు పంపుతున్నారా? 4వ లైను. అక్కడిది ఇక్కడెందుకు అనకండి, చట్టం అన్నిచోట్ల నుంచీ వచ్చినది అడుగుతుంది. ఆ ఫ్లాటు సంగతి వచ్చే పాఠంలో.

ఈలోగా ఒక లెక్క చేసి ఉంచండి. పై మనిషే డిసెంబరు 2న పిటిషన్ వేస్తే ఏ ఆరు నెలలు చూస్తారు? అక్టోబరు, నవంబరు రెండు నెలల్లో 8 వారాల డబ్బు వచ్చిందనుకుని ఏడాది అంకె కట్టండి. జూన్ జీతం లోపల ఉందా, బయట పడిందా అన్నది ముందు చూసుకోండి, తప్పు జరిగేది అక్కడే.