కోర్టులో కాల్ వర్క్ (కేసులను వరసగా పిలిచే సమయం) మధ్యలో వకీలు మనసు కుదుట పరుచుకోవడం ఎలా?

ఒకే ఉదయం మూడు కోర్టు హాళ్లలో కేసులున్న వకీలును అరగంట ధ్యానం చెయ్యమంటే కుదరదు. జాన్ కబాట్-జిన్ 1979లో అమెరికాలో మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని గమనించే సాధన) కోర్సు 8 వారాలు సాగుతుంది, ఇంటి దగ్గర రోజూ సాధన ఉంటుంది. సెలవుల్లో వీలైతే అది మంచిదే. వాయిదాల రోజుకు మాత్రం కింది పద్ధతి చాలు.

పిలుపుకు ముందు

మీ కేసుకు ముందు జాబితాలో ఇంకా రెండు మూడు కేసులు ఉండగా ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించండి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, 6 అంకెల్లో వదలండి. ఇలా 5 సార్లు చేస్తే దాదాపు నిమిషం. కళ్లు మూయొద్దు, కేసు కట్ట మీద చూపు ఉంచండి. బలవంతంగా నిండా పీల్చితే తల తిరుగుతుంది, మామూలు ఊపిరే తీసుకోండి. మధ్యలో ఆర్గ్యుమెంట్ గుర్తొస్తే ఆలోచన వచ్చిందని గమనించి మళ్లీ లెక్కకు రండి. మనసు ఖాళీ అవ్వాలనుకుంటే విసుగొచ్చి మానేసే అవకాశం ఉంది.

క్రాస్‌లో (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ఊహించని జవాబు వస్తే

వెంటనే గొంతు పెంచకండి. 'కోపం వస్తోంది' అని లోపలే అనుకుని, ఒక ఊపిరి వదిలి, రాసుకున్న తర్వాతి ప్రశ్న చదవండి. ఆ రెండు సెకన్లు ఆగకపోతే అడగకూడని ప్రశ్న నోరు జారుతుంది, దాని జవాబు డిపోజిషన్‌లోకి (కోర్టు రాసుకునే సాక్షి వాంగ్మూలంలోకి) ఎక్కుతుంది.

పొరపాటు జరిగిన రోజు

అసలు కష్టం ఇక్కడే. మీరు వేరే హాల్లో ఉండగా, వాది తరఫున మీరు నడుపుతున్న దావాను గైర్హాజరు కింద కొట్టేశారనుకుందాం. 'నేను పనికిరాను' అనే మాట మొదలవుతుంది. ఆ సిగ్గుతోనే కొందరు కక్షిదారు ఫోన్ ఎత్తరు, కట్ట తెరవరు, గడువు దాటిపోతుంది. ఆత్మకరుణ (తన మీద తాను దయ చూపడం) మీద పరిశోధించిన క్రిస్టిన్ నెఫ్ చెప్పిన మూడు అంశాలను ఇక్కడ వరసగా వాడండి.

1. ఉన్నది ఉన్నట్టు ఒక వాక్యం రాయండి: 'పిలిచినప్పుడు నేను లేను, దావా కొట్టేశారు, నాకు భయంగా ఉంది.'
2. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఇలాంటిది ఎదురవుతూనే ఉంటుందని గుర్తు చేసుకోండి. నమ్మకమున్న ఒక సీనియర్‌కు చెబితే ఈ మెట్టు నిజంగా పనిచేస్తుంది.
3. ఇదే మీ జూనియర్‌కు జరిగితే ఏమంటారో ఆ మాటే మీకు మీరు చెప్పుకోండి. 'పర్లేదమ్మా, ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి అప్లై చెయ్యి' అంటారు కదా, అదే.

ఆ వెంటనే పని. సి.పి.సి. (సివిల్ ప్రొసీజర్ కోడ్) 9వ ఆర్డర్ 9వ రూల్ కింద, కొట్టేసిన దావాను మళ్లీ తెరవమని కోరే రెస్టోరేషన్ పిటిషన్‌కు, కొట్టేసిన తేదీ నుంచి 30 రోజుల గడువు. కక్షిదారుకు ఆ రోజే చెప్పండి. చెప్పకుండా మిమ్మల్ని మీరు ఓదార్చుకుంటే అది తప్పించుకోవడమే, కరుణ కాదు.

ఇంటికి వెళ్లేముందు

డైరీలో రేపటి వాయిదాలు రాసి మూసేయండి.

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, నిద్ర కోసం మద్యం తాగాల్సి వస్తున్నా, ఊపిరి సాధన ఒక్కటే సరిపోదు, డాక్టర్‌ను కలవండి. చచ్చిపోవాలనిపిస్తే ఆగకుండా 14416కు ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ టెలి-మానస్ ఉచిత సేవ, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.