ఉపమానం మన ఇంటికి ఎలా వస్తుంది? – 4వ పాఠం: అయిదు గంటల కూలీ

కిందటి పాఠం చివర, వినేవాళ్ల మనసులను నాలుగు రకాల నేలలతో పోల్చిన విత్తువాని ఉపమానం ఇచ్చి, నాలుగు నేలల్లో మీది ఏదో ఒక్క వాక్యంలో రాయమన్నాను. "మంచి నేల" అని రాసినవాళ్లు ఆ కాగితం పారేయకండి, దానితో ఈ రోజు పనుంది. నేనూ మొదటిసారి అదే రాశాను. ఉపమానం చదవగానే అందులో మంచివాడి పక్కన వెళ్లి నిలబడటం మనందరికీ అలవాటు. అక్కడ నిలబడితే పాఠం మనల్ని దాటి పక్కింటికి వెళ్లిపోతుంది.

ఈ వారం మత్తయి 20వ అధ్యాయం, 1 నుంచి 16 వచనాలు. ద్రాక్షతోట పనివాళ్ల కథ: యజమాని తెల్లవారగానే కొందర్ని, తొమ్మిదికి కొందర్ని, అలా చివరికి సాయంత్రం అయిదు గంటలకు కూడా కొందర్ని పనిలోకి పిలిచి, అందరికీ ఒకే కూలి ఇస్తాడు. పైకి గట్టిగా చదవండి. వీలైతే ఇంట్లో ఒకరు చదివి మిగతావాళ్లు వినండి. ఇవి మొదట విన్న కథలే కదా.

చదివాక నేరుగా అర్థంలోకి దూకకండి, ఒక్క పేజీ వెనక్కి తిప్పండి. 19:27లో పేతురు అడుగుతున్నాడు: మేము సమస్తమూ విడిచిపెట్టి నిన్ను వెంబడించాము గనక మాకేమి దొరుకును? ఆ ప్రశ్నకు జవాబు చెబుతూ ప్రభువు ఈ కథలోకి వచ్చాడు. మొదటివారు కడపటివారవుతారన్న మాట కథకు ముందు 19:30లో ఉంది, కథ ముగిశాక 20:16లో మళ్లీ ఉంది. అంటే ఇది సంఘం బయటివాళ్లను ఉద్దేశించిన కథ కాదు. ఎక్కువ కాలం నుంచి, ఎక్కువ కష్టపడి వెంబడిస్తున్నవాళ్లకు చెప్పింది. ఇరవై ఏళ్లుగా సండే స్కూల్ నడుపుతున్న నాలాంటివాళ్లకు.

ఇప్పుడు గతుకు వెతకాలి. రెండో పాఠంలో చెప్పుకున్నాం: వినేవాడు ఎక్కడ ఉలిక్కిపడతాడో అదే గతుకు. ఇక్కడ అందరికీ దొరికేది కూలి దగ్గర. దేనారమంటే ఆ రోజుల్లో ఒక కూలీకి ఒక దినం కూలి. తెల్లవారిన దగ్గర్నుంచి చేసినవాడికీ అదే, ఒక్క గంట చేసినవాడికీ అదే. కానీ దానికి ముందున్న చిన్న గతుకును చూడకుండా దాటేస్తాం. యజమాని కడపట వచ్చినవాళ్లకు ముందు కూలి ఇవ్వమన్నాడు. పొద్దుటివాళ్లకు ముందే ఇచ్చి పంపేసి ఉంటే వాళ్లు సంతోషంగా ఇల్లు చేరేవాళ్లు, గొడవే లేదు. వాళ్లు చూడాలనే అలా ఇప్పించాడని నా నమ్మకం.

గంటలకు అర్థాలు కట్టకండి. 6వ శతాబ్దంలో మొదటి గ్రెగొరీ పోపు తన ప్రసంగంలో ఆదాము నుంచి నోవహు దాకా ఒక వేళ, నోవహు నుంచి అబ్రాహాము దాకా మరో వేళ అని లెక్క కట్టాడు. భక్తితో చేసిన పనే. కానీ ఆ లెక్కలో పడితే సంత వీధిలో నిలబడ్డ మనుషులు కనబడకుండా పోతారు.

ఆ మనుషులు మన పర్లాకిమిడిలో రోజూ కనబడతారు. పొద్దున్నే బజారు దగ్గర కూలీల అడ్డాకు వెళ్లండి. పాతపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లు, గుమ్మ, సెరంగో కొండల నుంచి దిగిన సవరలు, పార భుజాన వేసుకుని నిలబడి ఉంటారు. తెలుగూ ఒడియా కలిపి బేరం నడుస్తుంది.

మా వంటింటికి స్లాబ్ వేసిన రోజు పొద్దున ముగ్గుర్ని తెచ్చుకున్నాం. మాలు కలపడం ఆలస్యమవుతుంటే మధ్యాహ్నం దాటాక మావారు వెళ్లి ఇంకొకర్ని తీసుకొచ్చారు. సాయంత్రం నలుగురికీ నిండు కూలి ఇచ్చేశారు. నేను లోపలికి పిలిచి, "పూటైనా చెయ్యనివాడికి నిండు కూలేంటండీ? పొద్దుటివాళ్లు ఏమనుకుంటారు?" అన్నాను. పొద్దుటివాళ్లు ఏమీ అనుకోలేదు. నలుగురూ కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ మాట్లాడుకుంటున్నారు. మండింది నాకే.

అప్పుడు ఆ నాలుగో మనిషి క్యారేజీ చూశాను. గట్టు మీద మూత కూడా తీయకుండా ఉంది. తినలేదేమని అడిగితే, పని దొరక్కపోతే అది అలాగే ఇంటికి పట్టుకెళ్లి రాత్రికి పిల్లలకు పెడతానన్నాడు. తెల్లవారుజామునే తొలి ఆటోలో దిగాడట. పొద్దున మావారు ముగ్గుర్ని ఎంచుకున్నప్పుడు ఆ పక్కనే ఉన్నాడు.

ఆ రాత్రి 7వ వచనం నాకు కొత్తగా వినిపించింది: "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు". అన్నిసార్లు పిల్లలకు చెప్పిన కథే. అయిదు గంటలవాళ్లు ఆలస్యంగా వచ్చిన సోమరులని నేనే చెప్పేదాన్ని. వాళ్లు దినమంతా అక్కడే నిలబడ్డారని 6వ వచనంలోనే ఉంది. ఎండ వాళ్లకీ తగిలింది. మొదటివాళ్లతో యజమాని దేనారానికి ఒడబడ్డాడు, తొమ్మిది గంటలవాళ్లకు ఏది న్యాయమో అది ఇస్తానన్నాడు. అయిదు గంటలవాళ్లతో కూలి మాటే లేదు, తోటలోకి వెళ్లమన్నాడు, వెళ్లారు.

ఇక 15వ వచనం. గ్రీకు మూలంలో యజమాని అడిగేది "నీ కన్ను చెడ్డదా" అని. మన తెలుగు బైబిల్లో "నీకు కడుపుమంటగా ఉన్నదా" అని ఉంది. అనువదించినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. పక్కవాడికి మేలు జరిగితే మనకు మండేది కడుపులోనే. అంత సూటిగా అడిగినవాడు, రెండు వచనాల ముందు అదే మనిషిని "స్నేహితుడా" అని పిలిచాడు. సణిగినవాణ్ని తోటలోంచి గెంటలేదు, మాట్లాడాడు.

మీ పని. ముందు ఆ నేలల కాగితం తీసి, దాని కింద ఈ కథలో మీరు ఏ వేళకు పిలుపందినవారో రాయండి. తర్వాత, ఈ మధ్య ఎవరికి మేలు జరిగితే మీకు మండిందో ఆ పేరు రాయండి. తోడికోడలు కావచ్చు, నిన్నగాక మొన్న బాప్తిస్మం తీసుకుని అప్పుడే సంఘంలో పాటలు నడిపిస్తున్న కుర్రాడు కావచ్చు. కాగితం ఎవరికీ చూపించక్కర్లేదు. చివరగా "ఈ వారం నేను" అని మొదలుపెట్టి ఒక్క వాక్యం. "ప్రేమగా ఉంటాను" అని రాస్తే కొట్టేయండి. ఏ రోజు, ఎవరి దగ్గరకు వెళ్లి, ఏం చేస్తారో రాయండి. నా వాక్యంలో అప్పుడు రాసుకున్నది, ఆదివారం కూడికలో ఆ స్లాబ్ రోజు సంగతి మావారి ముందే చెప్పడం.

వచ్చే పాఠానికి లూకా 15:25 నుంచి 32 దాకా చదివి రండి. తప్పిపోయిన చిన్నవాణ్ని అక్కడ కాసేపు పక్కన పెట్టండి. పొలం నుంచి వచ్చిన పెద్దకొడుకు లోపలికి రానన్నప్పుడు తండ్రి ఎక్కడికి వెళ్లాడో, ఏం చేశాడో చూసి ఆ మాట కింద గీత గీయండి.