పట్టీల బొంత గడి వంకర పోకుండా
సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తెచ్చిన కాటన్ కట్‌పీసులతో పట్టీల బొంత కుట్టేవాళ్లకు ఒక మాట. నడిమి చదరం చుట్టూ పట్టీలు కుట్టుకుంటూ పోతే వచ్చే ఒక్కో చదరపు ముక్కే గడి; అలాంటి గడులు కలిపితే బొంత. కోసేటప్పుడు నడిమి చదరం 2.5 అంగుళాలు, పట్టీ వెడల్పు 1.5, కుట్టుకు పావు అంగుళం. పొడుగు పట్టీని కుట్టేసి మిగిలింది కత్తిరిస్తే, కుట్టేటప్పుడు సాగి గడి అంచులు అలలు తేలతాయి. అందుకే ముందే కొలిచి కోయండి: మొదటి చుట్టు నాలుగు పట్టీల పొడుగు వరసగా 2.5, 3.5, 3.5, 4.5. చుట్టు అయ్యాక గడి 4.5 రావాలి, రెండో చుట్టు అయ్యాక 6.5. తగ్గిందంటే కుట్టు ఎక్కువ లోపలికి పడినట్టే. అక్కడే విప్పండి; తర్వాత సర్దుకుంటుందిలే అనుకుంటే సర్దుకోదు. పట్టీలు పడుగు (బట్ట నిలువు దారం) వెంబడే కోయాలి, పేక (అడ్డ దారం) వైపు సాగుతుంది. ఇస్త్రీపెట్టె ఈడ్చొద్దు, ఎత్తి అద్దండి; లోపలి కుట్టు మడత బయటి వైపుకే. ముదురు ఎరుపు, నీలం ముక్కలైతే ముందే ఉతికి ఆరేయండి, లేదంటే తెల్లపట్టీకి రంగు అంటుతుంది.